సంతకం సర్పంచ్‌ది... లెక్క అడిగేది ఎవరు?

దింపు తీయించాక కాయ రోడ్డెక్కాలంటే ట్రాక్టరు తోట దాకా రావాలి. పుంతలో గోతులుంటే రాదు. అప్పుడు దింపు కూలికి తోడు మోత కూలి మీద పడుతుంది. అరెకరం కొబ్బరి, ఎకరం వరి ఉన్న రైతుకి మిగిలే నాలుగు రూపాయలూ అక్కడే పోతాయి. అడిగితే "పంచాయతీలో డబ్బుల్లేవండీ" అంటారు. నిజంగా లేవా? ఎంత వచ్చింది, ఎంత పోయింది? ఈ మాట మనలో ఎంతమంది అడిగాం?

ముందు రాబడి సంగతి తెలుసుకోండి. ఇంటిపన్ను, కుళాయి రుసుము, సంత పాట, పంచాయతీ చెరువులో చేపల పాట, పంచాయతీ స్థలాల్లో చెట్ల ఫలసాయం పాట, భూముల రిజిస్ట్రేషన్లపై వచ్చే వాటా - ఇదంతా సొంత రాబడి. పైనుంచి వచ్చేది ఆర్థిక సంఘం నిధి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నిధుల్లో నూటికి 60 రూపాయలు తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలంది. మిగతా 40 జీతాలకు వాడకుండా ఊరి అవసరాన్ని బట్టి పెట్టుకోమంది. పుంతకైనా, కల్వర్టుకైనా ఇలాంటి డబ్బే ఆధారం. ఆ నిధుల్ని కరెంటు బాకీల కింద మళ్ళించారంటూ 2021లో రాష్ట్రంలో సర్పంచులే ఆందోళనకు దిగారు. సర్పంచులు పైవాళ్ళని లెక్క అడిగినప్పుడు, మనం సర్పంచ్‌ని అడగడంలో తప్పేముంది?

డబ్బు తీయాలంటే సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి ఇద్దరి ఆమోదమూ ఉండాలి. ఆర్థిక సంఘం నిధులకైతే ఇప్పుడు కంప్యూటర్లో డిజిటల్ కీతో సంతకం. మహిళలకు సగం స్థానాలిచ్చిన చట్టం మంచిదే. కానీ చాలాచోట్ల కుర్చీ ఆవిడది, కీ ఆయన జేబులోది! ఆడిట్‌లో తేడా తేలితే జవాబు చెప్పాల్సింది ఆయన కాదు, సంతకం ఎవరి పేరున ఉందో వారే. అమ్మా, మీ కీ మీ దగ్గరే ఉంచుకోండి. బిల్లు చదివించుకుని, పని కళ్ళారా చూశాకే సంతకం పెట్టండి.

ఇక పోటీ మాట. 21 ఏళ్ళు నిండి, ఊరి ఓటర్ల జాబితాలో పేరుండాలి. ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో ఎత్తేశారు. అయినా చిన్న రైతు "మనకెందుకులే" అని తప్పుకుంటున్నాడు. ఆ ఖాళీలోకి డబ్బున్నవాడు వస్తున్నాడు. కొన్ని ఊళ్ళలో గుడి పేరు చెప్పి పదవినే పాట పెట్టి, దానికి ఏకగ్రీవం అని పేరు పెడుతున్నారు. లక్షలు పోసి కుర్చీ కొన్నవాడు పుంతలో మట్టి పోయిస్తాడా, పోసిన లక్షలు తోడుకుంటాడా? కంచే చేను మేస్తే ఇక కాపు ఎవరు?

విత్తనం, ఎరువు, కౌలు, వడ్డీ నోటిలెక్కన కట్టేవాడికి పంచాయతీ జమాఖర్చు బ్రహ్మవిద్యేమీ కాదు. సర్పంచ్‌గా కాకపోతే వార్డు మెంబరుగానైనా నిలబడండి. గెలిస్తే మొదటి నెలలోనే క్యాష్‌బుక్కు, పన్నుల బాకీ రిజిస్టరు, పాటల రిజిస్టరు తెప్పించుకుని చూడండి.

నిలబడనివాళ్ళకీ పని ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ జరగాలి. జమాఖర్చులు, ఆడిట్ నివేదిక అక్కడ పెట్టాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టినప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు మన కొత్తపేట నియోజకవర్గంలోని వానపల్లి సభకే వచ్చారు. ముఖ్యమంత్రి వచ్చే సభకి జనానికి కొదవేముంటుంది! ఏ పెద్దమనిషీ రాని సభకి వెళ్ళడమే అసలు పని.

వెళ్ళి మూడే ప్రశ్నలు అడగండి. ఈ ఏడు పాటల మీద ఎంత వచ్చింది? ఆర్థిక సంఘం డబ్బు ఎంత వచ్చి, ఏ పనికి ఎంత పోయింది? పోయినసారి తీర్మానం చేసిన పనులు ఎక్కడిదాకా వచ్చాయి? చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.

ఒక్క మాట. ఇంటిపన్ను మూడేళ్ళు బాకీ పెట్టి లెక్క అడగబోతే గొంతు పెగలదు. ముందు మన బాకీ కడదాం. ఆ రసీదు జేబులో పెట్టుకుని సభకి వెళదాం. అప్పుడు మన మాట ఎవరూ తీసిపారేయలేరు.