బయాన్ మాది, కితాబ్ మీది

గల్ఫ్ వలసల మీద రీసెర్చ్ చేసే యూనివర్సిటీ సాహెబ్‌లకు, మేడమ్‌లకు ఒక మాట సాఫ్‌గా చెప్పాలె. మీరు మా గోపాల్‌పేట లాంటి ఊర్లకు వస్తరు. మేం కుర్చీ ఏస్తం, చాయ్ ఇస్తం. మా అమ్మీలు, ఖాలాలు, భాభీలు మీరు అడిగినదానికల్లా జవాబు చెప్తరు. వీసా ఎంతకు కొన్నరు, జీతం ఎన్ని నెలలు ఆగింది, కఫీల్ పాస్‌పోర్ట్ గుంజుకున్నడా, పోయిన మనిషి ఎన్నేండ్లకు మొఖం చూపించిండు, అన్నీ చెప్తరు. చెప్తూ చెప్తూ కొంగుతో కండ్లు తుడుచుకుంటరు. మీరు ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటరు, ఖుదా హాఫిజ్ అని పోతరు. ఆ బయాన్ తర్వాత ఏమైందో మాకు ఖబర్ ఉండదు. అది ఇంగ్లీషులో వ్యాసం అయితది, వ్యాసం కితాబ్ అయితది, కితాబ్ మీకు నౌకరీ అయితది. మా ఇంటికి మాత్రం ఒక్క కాయితం వాపస్ రాదు.

మన ఇండ్లల్లో అమానత్ అనే మాట ఉన్నది. హజ్‌కు పొయ్యేటోళ్లు పక్కింట్లో దాచిపెట్టిన నగలు అమానత్. వాళ్లు తిరిగొచ్చేదాకా భద్రంగా పెట్టి, హక్‌దార్ చేతుల్లో పెట్టాలె. ఒక బేవా తన ఇంటి గోస చెప్పుకున్నదంటే అదీ అమానతే. దాన్ని తీసుకుపోయినోళ్లు వాపస్ తేకపోతే ఏమంటరో మీకు నేను చెప్పాల్నా?

రీసెర్చ్‌కు నేను దుష్మన్ కాదు. లెక్క ఎంత తాఖత్ ఇస్తదో కేరళను చూస్తే తెలుస్తది. 1998లో తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ నుంచి కె.సి. జకరయ్య, ఎస్. ఇరుదయ రాజన్ లాంటోళ్లు కేరళ మైగ్రేషన్ సర్వే మొదలుపెట్టిన్రు. ఒక్కసారి చేసి వదిలిపెట్టలేదు. కొన్నేండ్లకోసారి మళ్లీ ఇండ్ల ముందుకు పోతనే ఉన్నరు. 2018లో 15 వేల ఇండ్లు తిరిగిన్రు, 2023లో 20 వేల ఇండ్లు తిరిగిన్రు. ఎవరు పోయిన్రు, ఎవరు వాపస్ వచ్చిన్రు, ఎంత పంపిన్రు, ఆ పైసలు ఎట్ల ఖర్చయినయి, జిల్లా వారీగా, మజహబ్ వారీగా కితాబ్‌లో ఉంటది. సర్కార్‌తో బహస్ చేసేటప్పుడు అక్కడి ప్రవాసీల చేతుల్లో నంబర్ ఉంటది. తెలంగాణకు అసొంటి, ఆగకుండ జరిగే సర్వే లేదు. మన చేతుల్లో ఉన్నది ఏడుపొక్కటే.

ఇగ పాలమూరు ముస్లిమ్‌ల సంగతి ఇంకా దిగువ. వలసల మీద రాసేటోళ్లు దునియాను రెండు ముక్కలు చేసిన్రు. దేశం లోపలి వలసకు ఒక డిపార్ట్‌మెంట్, దేశం బయటి వలసకు ఇంకొకటి. పాలమూరు అనంగనే మొదటి ముక్కలో ఏస్తరు. నాగార్జునసాగర్ దగ్గర్నుంచి దేశంలో ఎక్కడెక్కడి డ్యాములకో మట్టి మోసిన పాలమూరు లేబర్, గుంపు మేస్త్రీలు, అడ్వాన్స్ పైసలు. దాని మీద మంచి పనే జరిగింది, డేవిడ్ పిషెరిట్ అనే ఫ్రెంచ్ పరిశోధకుడు కూడా మన దిక్కు తిరిగి రాసిండు. గల్ఫ్ అనంగనే కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల, జగిత్యాల దిక్కు బండి తిప్పుతరు. ఆడికెళ్లి పోయినోళ్లు ఎక్కువ, ఆ మాట నిజమే. కానీ మా దగ్గర ఒకే ఇంట్లో దాదా డ్యాం పనికి పోయిండు, అబ్బా ముంబై పోయిండు, కొడుకు రియాద్‌లో డ్రైవర్ పని చేస్తుండు. వీళ్లది ఒకటే మజ్బూరీ, అప్పు పుట్టిన దుకాణం కూడా ఒకటే. మీ కితాబుల్లో మాత్రం దాదా ఒక అల్మారాలో, మనవడు ఇంకో అల్మారాలో. ఆ మనవడు అసలు ఏ అల్మారాలోనూ లేకుంట పోయే ఖత్రా ఎక్కువ.

మన వనపర్తి తారీఖ్ చూస్తే ఈ సంగతి ఇంకా అజీబ్‌గా ఉంటది. సముద్రం దాటిన మనుషులు మనకు కొత్త కాదు. 19వ సదీలో వనపర్తి సంస్థానం రాజా రామేశ్వర్ రావు ఆఫ్రికా సిద్దీలతో గుర్రాల ఫౌజ్ పెట్టిండు. అది తర్వాత నిజాం ఫౌజ్‌లో కలిసింది. హైదరాబాద్‌లో వాళ్లు ఉన్న జాగనే ఇయ్యాల ఏసీ గార్డ్స్ అంటున్నం, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. యమన్ దిక్కు హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు బార్కస్‌లో ఉన్నరు. ఆ ఖాందాన్‌ల కోసం బయటి దేశాల నుంచి పరిశోధకులు హైదరాబాద్ గల్లీలు వెతుక్కుంట వచ్చిన్రు. మంచిదే. అటు నుంచి ఇటు వచ్చినోళ్ల నస్ల్ దొరికింది. ఇటు నుంచి అటు పోతున్నోళ్ల పేరు ఏడ రాసిన్రు?

పెద్ద కితాబులు లేవని కాదు. 2007లో కరెన్ లెనార్డ్ ‘లొకేటింగ్ హోమ్: ఇండియాస్ హైదరాబాదీస్ అబ్రాడ్’ అనే కితాబ్ తెచ్చింది. ఏడు దేశాల్లో హైదరాబాదీలను కలిసి రాసింది, వాటిలో కువైట్, ఎమిరేట్స్ కూడా ఉన్నయి. పాత రియాసత్ తహజీబ్ పర్దేశ్‌లో ఏమైందన్నది ఆమె సవాల్. అదే ఏడు షియాంగ్ బియావ్ ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ వచ్చింది. సాఫ్ట్‌వేర్ కోసం ఆస్ట్రేలియా పోయిన తెలుగోళ్లు, వాళ్ల కులం, కట్నం, కన్సల్టెన్సీల సంగతి అందులో ఉన్నది. రెండూ మెహనత్‌తో రాసినవే. కానీ ‘హైదరాబాదీ’ అంటే రియాసత్ షరీఫ్ ఖాందాన్, ‘తెలుగు వలసదారు’ అంటే కోస్తా ఇంజనీర్ అనే తస్వీర్ అలవాటైపోయింది. ఇంట్లో దక్కనీ మాట్లాడి, బజార్లో తెలుగు మాట్లాడి, తెలుగులోనే సంతకం పెట్టే గోపాల్‌పేట ముస్లిమ్ ఆ రెండు తస్వీర్లలో ఏడ నిలబడాలె?

సర్కార్ లెక్కకు పోదాం. గల్ఫ్‌కు పోయినోళ్ల నంబర్ అని మీరు ఎక్కువగా ఎత్తుకునేది ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లెక్క. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాస్ కానోళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఇస్తరు. వాళ్లు గల్ఫ్ లాంటి 18 దేశాలకు నౌకరీకి పోవాల్నంటే క్లియరెన్స్ కావాలె. ఆ క్లియరెన్స్‌లు లెక్కపెడ్తే ఒక నంబర్ వస్తది. పదో తరగతి పాసై పోయినోడు అందులో ఉండడు. విజిట్ వీసా మీద పోయి ఆడ పని దొరకబట్టుకున్నోడు ఉండడు. ఇంటిపనికి పొయ్యే ఆడోళ్లకు 30 ఏండ్ల వయసు షర్త్ పెట్టిన్రు, 2016 నుంచి సర్కారీ ఏజెన్సీల ద్వారానే పోవాల్నన్నరు. ఆ దర్వాజా ఇరుకైనందుకు చాటుగా పోయిన ఆడిబిడ్డలూ ఉండరు. మదర్సా, స్కూలు రెండూ తిప్పి, కష్టపడి కొడుకును పదో తరగతి గట్టెక్కించిన తల్లికి మీరిచ్చే ఇనాం ఏందంటే ఆ కొడుకు లెక్కలోంచే గాయబ్ అవుడు! జనగణన గతి కూడా అంతే. అది ఇక్కడున్నోళ్లను లెక్కపెడ్తది, పర్దేశ్‌లో ఉన్నోళ్లను కాదు. అదీ 2011 తర్వాత టైంకు జరగనే లేదు.

పైసల లెక్కా ఇట్లనే. రిజర్వ్ బ్యాంక్ 2023-24 సర్వే ప్రకారం బయటి దేశాల నుంచి దేశానికి వచ్చే సొమ్ములో తెలంగాణ వాటా 8.1 శాతం. ఆ నంబర్ పట్టుకుని తెలంగాణ ఖుష్‌హాల్ అంటరు. అందులో డాలస్ సాఫ్ట్‌వేర్ జీతం, దమ్మామ్ డ్రైవర్ జీతం ఒకే సంచిలో పోసిన్రు. ఏది ఎంతో విడదీసి చూపిస్తేనే కదా ఎవరి హాల్ ఏందో తెలిసేది.

అడిగే తరీఖా గురించి కూడా మాట్లాడాలె. ‘వీసా కోసం మిత్తికి అప్పు తెచ్చిన్రా?’ అని మీ ఫారంలో ఉంటది. ముస్లిమ్ ఇంట్లో సూద్ హరామ్. ఇచ్చుడూ తప్పే, తీసుకునుడూ తప్పే. పక్కన మామ కూసున్నడు, గల్లీ పిల్లలు తలుపు కాడ నిలబడ్డరు, ముక్కూమొఖం తెల్వని మనిషి కలం పట్టుకున్నడు. ఏ కోడలు ‘అవు, తెచ్చినం’ అంటది? ‘లేదు’ అంటది. మీరు సున్నా ఏసుకుంటరు. ఆ సున్నాలు కలిపి, ముస్లిమ్ కుటుంబాలకు మిత్తి అప్పులు తక్కువ అని రాస్తే అది ఇల్మ్ కాదు. ‘బిడ్డా, నీ షాదీల పెట్టిన బంగారం ఇప్పుడు ఏడున్నది?’ అని ఒక ఆడమనిషి ఒంటరిగా అడిగితే అసలు కథ బయటికొస్తది. చట్టం ప్రకారం ఏజెంట్ 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోవద్దు. ఏజెంట్ మాట అట్లుంచి, ఒక లక్ష నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినమనుకోండి. నెలకు మూడు వేలు. రెండేండ్ల అగ్రిమెంట్ పూర్తయ్యేసరికి మిత్తే 72 వేలు, అసలు అట్లనే ఉంటది. కొడుకు పంపిన పైసలు ఎంతని అడిగి పోవుడు కాదు, అవి ఎవరి గల్లాలో పడ్డయో అడగాలె.

ఆడోళ్ల గురించి మీరు వాడే మాట ఒకటి నాకు గొంతుల ముల్లు. ‘వెనక మిగిలిపోయినోళ్లు’ అంటరు. ఎవరు మిగిలిపోయిన్రు? చిట్టీ కట్టేది ఆమె. రేషన్ కార్డులో పేరు కోసం ఆఫీస్ చుట్టూ తిరిగేది ఆమె. సాస్‌కు దవాఖానా, పిల్లలకు ఫీజు, మిత్తోడికి జవాబు, అన్నీ ఆమెనే. పోయినోడిని ఆడ నిలబెట్టేదే ఆమె. లీలా గులాటీ 1993లోనే కేరళ గల్ఫ్ భార్యల మీద కితాబ్ రాసింది. ముప్ఫై ఏండ్లు దాటినా మన దిక్కు ఆడోళ్లను ఎవరి వెనకనో నిలబెట్టి చూసుడు బంద్ కాలే.

ఇగ సంతకం సంగతి. మీరు తెచ్చే రజామందీ ఫారం ఇంగ్లీషులో ఉంటది. ఏముందని అడిగితే ‘ఏం లేదమ్మా, ఫార్మాలిటీ’ అంటరు. 2019 చివర్ల ఎన్నార్సీ మాట లేచినప్పటి నుంచి, కాయితం పట్టుకుని పేర్లు అడిగే మనిషంటే మా ఇండ్లల్లో దడ. అందుకే కొన్ని తలుపులు మూసుకుంటయి. మీరు దాన్ని ‘జవాబు ఇవ్వలేదు’ అనే ఖానాలో రాస్తరు. భయపడ్డరు అని రాయడానికి మీ ఫారంలో ఖానా లేదు.

‘మేం సర్కార్ కాదు గదా, మా రాతతో ఏం ఫాయిదా?’ అని ఒక పీహెచ్‌డీ స్టూడెంట్ నన్ను అడిగింది. ఫాయిదా ఉన్నది. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం గల్ఫ్ దేశాలకు పోయేటోళ్ల కనీస జీతం రేట్లు తగ్గించింది. దాని మీద తెలంగాణ హైకోర్టులో కేసు పడ్డది, 2021లో పాత రేట్లు వాపస్ వచ్చినయి. జీతం ఎంత, ఖర్చు ఎంత అని కాయితం మీద చూపించగలిగితే అదాలత్ వింటది. సౌదీ 2021లో కఫాలా సడలించినప్పుడు ఇంటి డ్రైవర్లను, ఇంటిపనోళ్లను, గొర్లకాపరులను బయటనే పెట్టింది. మనోళ్లల్లో ఆ పనుల మీద పోయినోళ్లు ఎందరో చెప్పే లెక్క ఉంటే గట్టిగా అడిగేటోళ్లం. 2024లో తెలంగాణ సర్కార్ గల్ఫ్‌లో మౌత్ అయినోళ్ల కుటుంబాలకు 5 లక్షల ఇమ్దాద్ ప్రకటించింది. శంషాబాద్‌లో దిగిన శవపెట్టెలను అఖ్బార్లు లెక్కపెడ్తయి. మన ముస్లిమ్‌లలో చాలామందిని ఆడనే దఫన్ చేస్తరు, పెట్టె రానే రాదు. ఆ కబర్‌లను ఎవరు లెక్కపెడ్తరు?

అందుకే మేం అడిగేది ఖైరాత్ కాదు, హక్. రాసింది తెలుగులో, ఉర్దూలో నాలుగు పేజీలు చేసి, బయాన్ ఇచ్చిన ఇంటికి తెచ్చి చదివి వినిపించండి. తప్పుంటే దిద్దే హక్ మాకియ్యండి. ఆడోళ్లతో మాట్లాడేందుకు మన దక్కనీ తెలిసిన ఆడపిల్లలను పెట్టుకోండి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల కాలేజీల్లో డిగ్రీ చదివిన పిల్లలున్నరు, జీతమిచ్చి పనిలోకి తీసుకోండి, కితాబ్ మీద వాళ్ల పేరు వేయండి. ఐదేండ్లకు మళ్లీ అదే ఇంటికి రండి.

మనోళ్లకూ ఒక మాట. తలుపు మూసుకోకండి. మూసుకుంటే మన సంగతి ఇంకెవరో వాళ్ల మర్జీ ప్రకారం రాస్తరు. వచ్చినోళ్లకు చాయ్ ఇయ్యండి, మెహమాన్‌నవాజీ మన ఆదత్. కానీ రికార్డింగ్ బటన్ నొక్కకముందే మూడు సంగతులు అడగండి. ఈ ఫారంలో ఏమున్నదో మా జబాన్‌లో చదువు. నీ పేరు, నీ యూనివర్సిటీ, నీ ఫోన్ నంబర్ మాకు రాసివ్వు. మా బయాన్ ఏ నెలలో వాపస్ తెస్తవో తారీఖ్ ఏసి సంతకం పెట్టు. సంతకం పెట్టినోళ్లకు మనసిప్పి చెప్పండి. పెట్టనోళ్లు చాయ్ తాగి పోవచ్చు.