ఉల్లి ఎగుమతులు తెరిచినా ధర ఎందుకు రాలేదు? కర్నూలు, కడప రైతులు తెలుసుకోవాల్సినవి

ఉల్లి ఎగుమతిపై ఉన్న 20 శాతం సుంకాన్ని కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి ఎత్తేసింది. అయినా ఆ ఏడాది ఖరీఫ్ గడ్డ కర్నూలు యార్డుకు వచ్చేసరికి ధర పడిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటా రూ.1,200కు కొనాల్సి వచ్చింది. ఎగుమతులు తెరిచారు కదా, మరి ధర ఎందుకు రాలేదని చాలామంది అడుగుతున్నారు. ఎగుమతి వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది.

కొనే దేశం కూడా కొనాలి

సరుకు విదేశానికి వెళ్లాలంటే ఢిల్లీ అనుమతి ఒక్కటే చాలదు. బంగ్లాదేశ్ మన దేశపు ఉల్లిని ఎక్కువగా కొంటుంది. కానీ తన రైతుల పంట ధర పడిపోకుండా అప్పుడప్పుడు దిగుమతులు ఆపేస్తుంది. పాకిస్తాన్ లేదా చైనా ఉల్లి చౌకగా దొరికితే మిగతా దేశాల వ్యాపారులు అటు పోతారు. అప్పుడు మహారాష్ట్ర నిల్వ ఉల్లి దేశంలోనే మిగిలి, హైదరాబాద్, చెన్నై మార్కెట్లలో మన గడ్డతో పోటీ పడుతుంది. వానల్లో తవ్విన కర్నూలు గడ్డలో తేమ ఎక్కువ, నిల్వకు ఆగదు. వచ్చిన ధరకు అమ్ముకోక తప్పదు.

కనీస ఎగుమతి ధర రైతుకు వచ్చే ధర కాదు

2023 డిసెంబరులో ఉల్లి ఎగుమతిని నిషేధించారు. 2024 మే 4న నిషేధం తీసేసి, టన్నుకు 550 డాలర్ల కనీస ఎగుమతి ధర, 40 శాతం సుంకం పెట్టారు. డాలరు రూ.83 లెక్కన 550 డాలర్లు అంటే కిలోకు దాదాపు రూ.46. సుంకం రూ.18 కలిపితే రూ.64. అంతకంటే తక్కువకు వేరే దేశం ఉల్లి దొరికితే మన సరుకు ఎవరూ అడగరు. '550 డాలర్లు' అని వార్త వినగానే యార్డులో ధర పెరుగుతుందని ఆశపడకండి. అది ఎగుమతిదారు అంతకు తక్కువకు అమ్మకూడదనే షరతు మాత్రమే.

కేపీ ఉల్లికి ముప్పు ఎక్కువ

కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి ఘాటు ఎక్కువ, సైజు చిన్నది. మన ఇళ్లలో వాడరు. మలేషియా, సింగపూర్, శ్రీలంక, థాయ్‌లాండ్‌లకే పోతుంది. ఎగుమతి ఆగితే దీనికి ఇక్కడ మార్కెట్ లేదు. 2019 సెప్టెంబరు 29న నిషేధం వస్తే, కేపీ ఉల్లికి 10,000 టన్నుల మినహాయింపు 2020 ఫిబ్రవరిలో గానీ రాలేదు. 2020 సెప్టెంబరులో మళ్లీ నిషేధించినప్పుడు అక్టోబరులోనే మినహాయింపు ఇచ్చారు. చెన్నై ఓడరేవు నుంచే పంపాలి, కడప ఉద్యానశాఖ ధ్రువపత్రం ఉండాలి అని షరతులు పెట్టారు. మినహాయింపు వస్తుంది గానీ, అప్పటిదాకా గడ్డ ఆగదు.

రైతులు చేయాల్సినవి

1. నారు పోసే ముందు ఎగుమతి ఉత్తర్వు ఏముందో రైతు సేవా కేంద్రంలో అడగండి. ఈ ఉత్తర్వులు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) ఇస్తుంది.

2. ఉన్న పొలమంతా ఒకేసారి ఉల్లి పెట్టకండి. రెండు మూడు విడతలుగా నాటండి.

3. కొనేవారితో ముందుగా మాట్లాడుకోకుండా కేపీ ఉల్లి విస్తీర్ణం పెంచకండి.

4. ఒక్కరే ఎగుమతి చేయాలంటే ఐఈసీ నంబరు, అపెడా నమోదు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. దానికంటే రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా ఎగుమతిదారుకు అమ్మడం మేలు. దారిలో నిషేధం వస్తే సరుకు ఎవరిది, ఎంత చెల్లించాలి అన్నది కాగితంపై రాయించుకోండి.

5. గడ్డను బాగా ఆరబెట్టి, సైజుల వారీగా వేరు చేసి అమ్మండి.

6. ఈ-పంటలో తప్పక నమోదు చేయించుకోండి. ధర పడినప్పుడు ప్రభుత్వ కొనుగోలుకు, సాయానికి అదే ఆధారం.

గత ఏడాది ధర చూసి పంట వేయకండి. ఈ ఏడాది ఎవరు కొంటారో కనుక్కుని వేయండి.