బార్డర్‌లో ఉందంటే నవ్వుకుంటా వచ్చేయొద్దు

ఈసారి చెనక్కాయ గురించి కాదు, టమాటా రేటు గురించి కాదు, మన ఒంట్లో షుగర్ గురించి రాస్తున్నా. కోపమొస్తే రానీండి, చివరిదాకా చదవండి.

మొన్న మా ఊరి రచ్చకట్ట కాడ నర్సమ్మ షుగర్ చూసింది. పరగడుపున నాకు 114 వచ్చింది. "బార్డర్‌లో ఉంది పెద్దాయనా" అనింది. నా పక్కనున్నాయనకు 121. "బార్డరే కదా, ఇంకా రాలేదు కదా" అని నవ్వి, టీ అంగట్లో రెండు చెంచాల చక్కెర ఏయించుకుని తాగినాడు. అబద్ధమెందుకు, నేనూ తాగినా.

ఆ నవ్వు మీదనే నా గొడవంతా.

మా బావ కూడా పదేండ్ల కిందట ఇట్లే నవ్వినాడు. మళ్లీ పరీక్ష మొగం చూడలేదు. చేన్లో కాలికి ముల్లు దిగితే నొప్పి తెలీలేదు. తెలిసేసరికి చీము పట్టింది. రెండు వేళ్లు తీసేసినారు. ఆ ఏడు ఆయన చేను బీడు పడింది.

ముందు అంకెలు తెలుసుకోండి. పరగడుపున 100 లోపల ఉంటే మంచిది. 100 నుంచి 125 వరకు బార్డర్. 126, ఆపైన రెండుసార్లు వస్తే అది షుగర్ జబ్బే. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అనే పరీక్షలో 5.7 నుంచి 6.4 వరకు బార్డర్. వేలికి పొడిచి చూసేది అంచనా మాత్రమే. నరంలో రక్తం తీసి ల్యాబులో చూస్తేనే ఖాయం.

ఇప్పుడు మనోళ్లు చెప్పే మూడు మాటలకు జవాబు చెప్తా.

ఒకటి, "కష్టం చేసేవాళ్లకు షుగర్ రాదు, మా నాయన మూడు పూటలా తిన్నాడు, ఏం కాలేదు." మీ నాయన పొద్దు పొడిచినప్పటి నుంచి మడక ఎనక నడిచినాడు. మనం ట్రాక్టరు పిలిపించి గట్టు మీద నిలబడతాం. కదిరికి కాదు, పక్క చేనికి కూడా బండి మీదనే పోతాం. పైగా అరవై దాటితే కండ కరుగుతుంది. తిన్న తిండిలోని చక్కెరను దాచుకునే గాదె ఆ కండే. గాదె చిన్నదైపోయింది, బండ్ల లెక్కన గింజలు మాత్రం అన్నే వస్తాండాయి. మిగిలింది రక్తంలో కాక యాడ పడుతుంది? ఇది పట్నమోళ్ల జబ్బు అని కూడా అనొద్దు. 2023లో బయటికొచ్చిన ఐసీఎంఆర్ లెక్కలో దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది బార్డర్‌లో ఉన్నారు. పల్లెలు కూడా అందులో ఉన్నాయి.

రెండు, "నేను చక్కెర ముట్టను, బెల్లమే. అన్నం కూడా కాదు, సంగటి." బెల్లం కూడా రక్తంలో చక్కెరే అయితాది. సంగటి అంటారా, మీ ఇంట్లో కుండ మూత తీసి చూడండి. ఇప్పటి సంగటిలో ముప్పాతిక బియ్యమే, రాగిపిండి రంగుకు ఏస్తాండారు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చి కరువులో మన కడుపు నింపింది, దాన్ని తప్పు పట్టను. కానీ ఆ బియ్యంతో పాటు మన కొర్రలు, సద్దలు, జొన్నలు, ఉలవలు, అనుములు కంచంలో నుంచి జారిపోయినాయి. చెనక్కాయలు పండించేది మనం, తినేది ఇంకొకరు. మనకు మూడు పూటలా తెల్లన్నం, నీళ్ల చారు.

మూడు, "ఒక పొడి ఉంది, నలభై రోజుల్లో షుగర్ పోతుందంట." ఫోన్లో చూసి వేలకు వేలు పంపిస్తాండారు. షుగర్ నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. కల్తీ విత్తనం అంటగడితే అంగడి ముందు కూర్చుంటామే, మరి ఈ పొడి అమ్మేవాణ్ని ఎందుకు అడగం?

చేయాల్సింది చూస్తే చిన్నదే. చెన్నైలో బార్డర్‌లో ఉన్నవాళ్లను మూడేండ్లు చూసి 2006లో ఫలితం చెప్పినారు. ఊరికే ఉన్నవాళ్లలో 100కి 55 మంది జబ్బులోకి దిగిపోయినారు. తిండి, నడక సరిచేసుకున్నవాళ్లలో 39 మంది. అందరూ తప్పించుకుంటారని నేను చెప్పను. కానీ 100కి 16 మంది తేడా, అదీ పైసా మందు లేకుండా! ఎకరాకు అంత దిగుబడి పెరుగుతుందంటే ఎవరైనా వదులుకుంటారా?

కంచంలో సగం కూర, ఆకుకూర. పావు వంతు పప్పు, గుగ్గిళ్లు, గుడ్డు. మిగిలిన పావే అన్నమో, గట్టి సంగటో. పల్చని అంబలి, మాల్టు తొందరగా షుగర్ పెంచుతాయి, జాగ్రత్త. బొరుగుల బదులు గుప్పెడు ఉడకబెట్టిన చెనక్కాయలు. తిన్నాక పదిహేను నిమిషాలు నడక. టీలో చక్కెర ఈ పూటే మానండి. ఇప్పటికే మాత్రలు మింగేవాళ్లు మాత్రం సొంతంగా మాత్ర మానొద్దు, పూట మానొద్దు, డాక్టరును అడిగే మార్చుకోండి.

చెనక్కాయ చేను మధ్యాహ్నం ఆకు ముడుచుకుంటే బెట్టకొచ్చిందని మనకు చూస్తూనే తెలుస్తుంది. అప్పుడు తడి పెడితే తేరుకుంటుంది. కట్టె ఎండినాక ఎన్ని తడులు పెట్టినా రాదు. బార్డర్ అంటే ఆ ఆకు ముడుచుకోవడమే.

30 దాటినవాళ్లకు ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చూస్తారు. ఈ వారమే పోండి, ఇంట్లో ఆడోళ్లనూ తీసుకుపోండి. వాళ్లు అడగరు, మనం తీసుకుపోము. వచ్చిన అంకె గోడ మీద క్యాలెండర్లో రాసి పెట్టండి. మూడు నెలలకు మళ్లీ చూపించుకోండి.

నేను 114 అని రాసి పెట్టినా. టీ కూడా చప్పగానే తాగుతాండా.