శక్తి బ్యాండ్‌లో పాలకొల్లు తీగలు

పాలకొల్లు అనగానే క్షీరారామం, అల్లు రామలింగయ్య, దాసరి గుర్తొస్తారు. ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక జాజ్ గిటారిస్టు బ్యాండ్‌కీ ఆ ఊరికీ సంబంధం ఏంటని అడిగితే మా ఆఫీసులో గోదావరి జిల్లాల వాళ్ళు కూడా తెల్లమొహం వేశారు.

ఆ గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్. మైల్స్ డేవిస్ ‘బిచెస్ బ్రూ’ ఆల్బమ్‌లో వాయించాడు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి, జాజ్‌నీ రాక్‌నీ కలిపి చెవులు దద్దరిల్లేలా వినిపించాడు. అంత పేరొచ్చాక ఎలక్ట్రిక్ గిటార్ పక్కనపెట్టి, బాసింపట్టు వేసుకుని మనవాళ్ళ మధ్య కూర్చున్నాడు. ఎల్.శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం. డ్రమ్స్ లేవు, బేస్ గిటార్ లేదు. అదే శక్తి. 1976, 77ల్లో మూడు ఆల్బమ్‌లు వచ్చాయి, 1978కల్లా ఆగిపోయింది.

సరిగ్గా ఆ 1978లోనే గుడివాడ త్యాగరాజ ఆరాధనలో పాలకొల్లు కుర్రాడొకడు తొలి కచేరీ చేశాడు. ఉప్పలపు శ్రీనివాస్. వయసు తొమ్మిదేళ్ళు, చేతిలో మాండొలిన్! గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని వాయించేవాడు. అంతే సిలబస్.

ఇక్కడ నాలోని ఇంజనీరు ఆగలేడు. మాండొలిన్‌కి నాలుగు జతలుగా ఎనిమిది తీగలు. మీటిన శబ్దం ఠక్కున చచ్చిపోతుంది, మెట్లేమో స్వరాన్ని ముక్కలు చేస్తాయి. కర్ణాటక సంగీతానికి కావల్సిందేమో గమకం, అంటే స్వరం నుంచి స్వరానికి జారడం, ఊగడం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జతలు తీసేసి, ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. ఒంటి తీగని వేలితో లాగొచ్చు, కరెంటు వల్ల నాదం నిలబడుతుంది. అక్కడ మెక్‌లాగ్లిన్‌దీ ఇదే గొడవ. ఆయన గిటార్ మెట్ల మధ్య చెక్కని గుంటలుగా తొలిపించుకున్నాడు, తీగ ఇంకా లాగడానికి. ఒకరికొకరు తెలియకముందే ఇద్దరూ ఒకే బగ్ మీద కూర్చున్నారన్నమాట.

1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించేనాటికి శ్రీనివాస్‌కి పద్నాలుగేళ్ళు. 1997లో శక్తి ‘రిమెంబర్ శక్తి’గా మళ్ళీ మొదలైంది. ఆ తర్వాత శంకర్ వయొలిన్ ఉండాల్సిన చోట మన మాండొలిన్ వచ్చి కూర్చుంది. నా మటుకు నాకు పాత శక్తి కన్నా ఇదే ఇష్టం. పాతదాంట్లో ఇద్దరూ పోటీపడి పరిగెడతారు. ఇక్కడ శ్రీనివాస్ ఆగుతాడు, గిటార్‌కి చోటిస్తాడు, ఆ తర్వాత అందుకుంటాడు. వేగం లేదని కాదు, ఆ వేగంలో కంగారు ఉండదు.

2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ళకే చెన్నైలో పోయాడు. 2024లో ‘దిస్ మూమెంట్’ ఆల్బమ్‌కి శక్తి గ్రామీ గెలిచింది. నా ఫీడ్ నిండా అభినందనలే. పాలకొల్లు పేరు మాత్రం ఒక్క పోస్టులోనూ కనబడలేదు. అది నాకు గుచ్చుకుంది.

వినాలంటే 2001 నాటి ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’తో మొదలెట్టండి. ఫోన్ స్పీకర్లో వద్దండీ, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. సన్నగా, తియ్యగా సాగే ఆ తీగ గిటార్‌ది కాదు.