పేరు కాదు, పని చూడండి!

మైక్రోబయాలజీ, అగ్రికల్చర్ చదువుతూ ఉద్యోగం కోసం పైథాన్ కోర్సుల్లో చేరుతున్న మిత్రులారా, ఒక్క మాట. కోడింగ్ నేర్చుకోండి, వద్దనను. నాకు తిండి పెడుతున్నదీ అదే. కానీ మీ ల్యాబ్‌లోని పెట్రి ప్లేటును చదవడం రాకుండా అటు పరిగెత్తకండి.

ఎందుకంటారా? మట్టిలోని బ్యాక్టీరియా పేరు కనుక్కోవడం ఇప్పుడు తేలిక. 16ఎస్ జన్యువును సీక్వెన్సింగ్‌కు పంపి డేటాబేస్‌తో పోల్చితే చాలు, దేనికి దగ్గరి చుట్టమో తెలిసిపోతుంది. అది పంటకు పనికొస్తుందా అన్నది మాత్రం ఆ జన్యువు చెప్పదు. ఒకే జాతిలో ఒక స్ట్రెయిన్ ఫాస్ఫేట్‌ను బాగా కరిగిస్తుంది, ఇంకోటి అంతంతమాత్రం. పికోవ్‌స్కాయా మీడియంలో కరగని కాల్షియం ఫాస్ఫేట్ ఉంటుంది కాబట్టి ప్లేటు మసకగా కనిపిస్తుంది. బ్యాక్టీరియా ఆమ్లాలు వదిలితే కాలనీ చుట్టూ తేటగా వలయం ఏర్పడుతుంది. స్కేలు పెట్టి కొలవడమే!

రైజోబియం సంగతి ఇంకా బాగుంటుంది. కాంగో రెడ్ కలిపిన ఈస్ట్ మానిటాల్ అగార్ మీద, చీకట్లో పెంచితే, దాని కాలనీలు సాధారణంగా రంగు పెద్దగా పీల్చుకోకుండా తెల్లగా, జిగటగా ఉంటాయి. కాంగో రెడ్‌కు బదులు బ్రోమోథైమాల్ బ్లూ కలిపితే ప్లేటు ఆకుపచ్చగా ఉంటుంది. త్వరగా పెరిగే రకాలు ఆమ్లం వదిలి దాన్ని పసుపు చేస్తాయి. వేరుశనగ వేళ్లకు బుడిపెలు కట్టించే బ్రాడీరైజోబియం నింపాదిగా పెరుగుతూ నీలానికి తిప్పుతుంది. మూడో రోజుకే 'ఏమీ రాలేదు' అని ప్లేటు పారేసేవాళ్లకు అది దొరకదు.

ఇదంతా పరీక్షలో మార్కుల కోసమే అనుకోకండి. జీవన ఎరువులు 2006 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలో ఉన్నాయి. రైజోబియం పొడిలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవంలో మిల్లీలీటరుకు 10 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. చచ్చిన కణాల్లోనూ డీఎన్‌ఏ ఉంటుంది, సీక్వెన్సింగ్‌కు ఆ తేడా పట్టదు. ప్యాకెట్ చూసి రైతూ పోల్చుకోలేడు. విత్తనానికి పట్టించి, విత్తి, వేళ్లకు బుడిపెలు రాలేదని తెలుసుకునేసరికి సీజన్ దాటిపోతుంది. అంతకుముందే ఎవరో ఒకరు ప్లేటు మీద కాలనీలు లెక్కపెట్టాలి. ఆ 'ఎవరో' ఉద్యోగం మీదెందుకు కాకూడదు?

ఫైనలియర్ ప్రాజెక్టుకు రెడీమేడ్ రిపోర్టు కొనకండి. పూతకొచ్చిన వేరుశనగ మొక్కను వేళ్లతో సహా తవ్వి తెండి. ఒక బుడిపె కోసి చూడండి, లోపల గులాబీ రంగుంటే నత్రజని పని జరుగుతోందన్నమాట. మిగతావాటి పైభాగాన్ని స్టెరిలైజ్ చేసి, నలిపి, ప్లేటు మీద గీయండి. పదో రోజు వరకూ తేదీలతో ఫొటోలు తీయండి. ఇంటర్వ్యూకు ఆ నోట్‌బుక్కే పట్టుకెళ్లండి.