ఘాటు పీల్చాక బెల్లంముక్క చాలదు

పలాసలో జీడిపిక్కలు కాల్చేచోట, ఉద్దానం తోటల్లో మందు కొట్టేచోట ఘాటు పీల్చినవారు బెల్లం తిని, పాలు తాగి మళ్ళీ పనిలో దిగుతుంటారు. ఇది తగదని మా అభిప్రాయం. తిన్నది కడుపులోకే పోతుంది గాని ఊపిరితిత్తులను కడగదు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది మరణించడం మరువరాదు.

వెంటనే గాలి వచ్చే వైపుకు, ఆరుబయటికి రండి. మందు పడిన బట్టలు విప్పండి. కళ్ళు మండితే 15 నిమిషాలు నీళ్ళతో కడగండి. ఆయాసం, మగత, వాంతులుంటే 108కి ఫోన్ చేయండి; మందు డబ్బా వెంట తెండి. కొన్ని వాయువులు గంటల తర్వాత ఆయాసం తెస్తాయి. కనుక ఆ రాత్రి రోగిని ఒంటరిగా విడువకండి.

కూలి పోతుందనే భయమే చాలామందిని ఆసుపత్రికి రానివ్వదు. యజమానులారా, ఆ పూట కూలి మీరే ఇవ్వండి.