తాగేదానికే నీళ్ళు ల్యాకుంటే ఈత కొలనా?

ఈమధ్య ఊరెళ్ళినప్పుడు మా అక్క కొడుకు పట్టుకున్నాడు, "మామా, నాకు ఈత నేర్పియ్" అని. వాడికి తొమ్మిదేళ్ళు. నాకొచ్చిన ఈతే అంతంత మాత్రం, అదీ ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నది. సరే పదరా అని బండెక్కించుకుని ఊళ్ళో ఉన్న కొలను దగ్గరికి తీసుకెళ్ళా. ఏ ఊరో చెప్పను. కర్నూలు వాళ్ళు కడప అనుకోండి, కడప వాళ్ళు కర్నూలు అనుకోండి, గొడవుండదు :)

నీళ్ళు పచ్చగా ఉన్నాయి. అడుగు కనిపించట్లేదు. వాచ్‌మన్ని అడిగితే, "మొన్న సోమారమే మార్చినాం సార్, బ్లీచింగు గూడ ఏసినాం" అన్నాడు. ఆ రోజు శనివారం. ఫిల్టర్ నడవట్లేదా అంటే, "అది నడ్సక శానా దినాలాయ" అన్నాడు. వాణ్ణి దింపకుండానే వెనక్కి తీసుకొచ్చేశా. దారంతా ఏడుపు.

ఇంటికొచ్చి చెప్తే మా చిన్నాయన ఒకటే మాట: "ఏందిరా నువ్వు, తాగేదానికే నీళ్ళు ల్యాకుంటే మనకు ఈత కొలను కావాల్నా?"

ఆ మాటకి అప్పుడు జవాబు దొరకలేదు. ట్యాంకర్ దగ్గర బిందెలు వరస పెట్టి పెరిగినవాళ్ళం కదా, అలా అడిగితే ఎవరికైనా సిగ్గేస్తుంది. తిరుగు బస్సులో ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి లెక్కేశా. (ఇంజనీరింగ్ చదివినందుకు ఇదొక్కటీ మిగిలింది.)

పాతిక మీటర్ల పొడవు, పన్నెండు మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు అనుకోండి. నాలుగున్నర లక్షల లీటర్లు. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు తొంభై. ఫిల్టర్ పాడైన కొలనులో వారానికోసారి ఈ తొంభై ట్యాంకర్లూ మోరీలోకి వదిలి మళ్ళీ నింపాలి. అదే ఫిల్టర్ నడుస్తుంటే ఆ నీళ్ళే నెలల తరబడి తిరుగుతుంటాయి. మన ఎండలకి రోజుకి ఎనిమిది మిల్లీమీటర్లు ఆవిరైపోతాయనుకున్నా, మూడొందల చదరపు మీటర్ల మీద పోయేది రెండువేల నాలుగొందల లీటర్లు. అర ట్యాంకరు. ఫిల్టర్ ఇసుకని కడగడానికి వారానికి ఇంకో పదివేల లీటర్లు వేసుకోండి. మొత్తం కలిపి వారానికి ఐదారు ట్యాంకర్లు దాటదు.

తొంభై ఎక్కడ, ఆరెక్కడ! అంటే చిన్నాయన అడగాల్సింది కొలను ఎందుకని కాదు, ఫిల్టర్ ఎందుకు నడవట్లేదని. నీళ్ళు పుష్కలంగా ఉన్న ఊళ్ళో ఫిల్టర్ పాడైతే అది బద్ధకం. మన సీమలో పాడైతే నీళ్ళ దొంగతనంతో సమానం.

బ్లీచింగు సంగతీ చెప్పాలి. ఎండలో క్లోరిన్ నిలవదు, పొద్దున వేసింది మధ్యాహ్నానికి చాలావరకు ఎగిరిపోతుంది. పైగా బ్లీచింగ్ పౌడర్‌లో సున్నం ఉంటుంది. మనవి అసలే సున్నపురాయి నేలలు, బోరు నీళ్ళు కాగబెడితే గిన్నెకి తెల్లగా పొర కడతాయి. దానికి ఇదీ తోడైతే పీహెచ్ పెరుగుతుంది, పెరిగేకొద్దీ క్లోరిన్‌కి పస తగ్గుతుంది. ఏడున్నర దగ్గర సగమైనా పనిచేసేది, ఎనిమిది దాటితే పావువంతు కూడా పనిచెయ్యదు. పాపం వాచ్‌మన్ ఇంకో బకెట్ వేస్తాడు. పిల్లలకి కళ్ళు మండుతాయి, నీళ్ళు మాత్రం పచ్చగానే ఉంటాయి. (అన్నట్టు, కొలను దగ్గర ముక్కు పగిలే వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని కాదు. అది చెమటతోనూ, ఇంకోదానితోనూ కలిసి పుట్టే వాసన. ఇంకోదేమిటో మీకు తెలుసు.)

మహానంది వెళ్ళినవాళ్ళకి నేను చెప్పేది తేలిగ్గా అర్థమవుతుంది. 2022లో నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది గానీ మాకింకా అది కర్నూలే. అక్కడి కోనేట్లో ఎంతమంది మునిగినా అడుగున పడ్డ రూపాయి బిళ్ళ కనిపిస్తుంది. కారణం, ఊట నీళ్ళు ఒకవైపు వస్తూనే ఉంటాయి, ఇంకోవైపు పోతూనే ఉంటాయి, పోయినవి అరటి తోటలకి పారతాయి. నీళ్ళు నిలవవు, అంతే. కొలనులో ఆ ఊట చేసే పని పంపు చెయ్యాలి. నీళ్ళన్నిటినీ నాలుగైదు గంటలకోసారి ఇసుక గుండా తిప్పాలి. రోజుకి పదిగంటలు నడిపితే అరవై, డెబ్బై యూనిట్ల కరెంటు.

ఇంత గొడవ ఈత అనే సరదా కోసమా అంటారేమో. మా నాయన, చిన్నాయన ఈత నేర్చుకున్నది తోట బావిలో, వీపుకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని, పైనుంచి మా అబ్బ తోసేస్తే. బోర్లొచ్చాక ఆ బావి ఎండిపోయింది, ఇప్పుడందులో కంపచెట్లున్నాయి. చుట్టుపక్కల అన్ని బావుల కథా అంతే. ఇక మిగిలింది కేసీ కెనాల్. 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ నీళ్ళకీ పడవలకీ కలిపి తవ్వి నష్టపోతే, 1882లో ప్రభుత్వం కొనుక్కున్న కాలువ. సుంకేశుల నుంచి కడప దాకా పొలాలకి ప్రాణం. కానీ ఈత నేర్చుకునే చోటు కాదది. లోపల లాగుడు పైకి తెలీదు, గట్టు పాచిపట్టి జారుతుంది. ఎండాకాలం సెలవుల్లో పేపర్ తిరగేస్తే కాలువలోనో కుంటలోనో పోయిన పిల్లల వార్త ఉంటుంది, ఒకణ్ణి కాపాడబోయి ఇంకొకడు. దేశం మొత్తం మీద ఏటా నీళ్ళలో మునిగి పోయేవాళ్ళు ముప్పై వేల పైమాటే. బంగ్లాదేశ్‌లో పల్లె చెరువుల్లోనే వెదురు తడికెలు కట్టి చిన్నపిల్లలకి ఈత నేర్పారు. మనకి నేర్పడానికి చెరువులో నీళ్ళుండవు, కొలనే దిక్కు. ఆ కొలను కూడా అడుగు కనిపించకుండా ఉంటే కాలువకీ దానికీ తేడా ఏముంది? మునిగిన పిల్లాడు గట్టున నిలబడ్డవాడికి కనబడడు కదా.

అసలు జబ్బు మన ఫీల్డ్ వాళ్ళకి కొత్తేం కాదు. గో-లైవ్ రోజు కేక్ కట్ చేస్తారు, సపోర్ట్ టీమ్‌కి బడ్జెట్ ఉండదు. కొలను కట్టినప్పుడు శిలాఫలకం వేస్తారు, ఫిల్టర్ ఇసుక మార్చినప్పుడు ఎవరూ వెయ్యరు. ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు మా అపార్ట్‌మెంట్ కొలను గేటు దగ్గర ఓ పుస్తకం వేలాడేది. రోజుకి రెండుసార్లు ఎవరో వచ్చి క్లోరిన్ ఎంత, పీహెచ్ ఎంత, టైమెంత రాసి సంతకం పెట్టేవాడు. అంకె తేడా వస్తే గేటుకి తాళమే. ఆ పరీక్ష పెట్టె మనకీ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. గేటు దగ్గర ఓ నల్లబోర్డు మీద రెండంకెలు రాయించండి చాలు, లోపలికెళ్ళే ప్రతి అమ్మానాన్నా ఇన్‌స్పెక్టరే. కాంట్రాక్టర్‌కి బిల్లు కూడా ఆ అంకెల్ని బట్టే ఇవ్వాలి. ఆడపిల్లలకి వేరే టైము, నేర్పడానికి ఒకామె ఉండాలి, లేకపోతే సగం ఊరు గేటు దాకా కూడా రాదు.

ఇంకోటి, ఇది మనలాంటివాళ్ళకే. ఊరికి ఏదైనా చెయ్యాలంటే స్కూలుకి గది కట్టిస్తాం, ఆర్వో ప్లాంట్ పెట్టిస్తాం, మంచిదే. ఈసారి నలుగురం కలిసి ఒక స్పేర్ మోటరు, మూడేళ్ళ మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ ఇద్దామా? పేరు చెక్కించుకోవడానికి మోటరు మీద పెద్దగా చోటుండదు, అదొక్కటే ఇబ్బంది.

లెక్కంతా మా చిన్నాయనకి ఫోన్లో చెప్పా. తొంభై ట్యాంకర్లనగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ మిషను బాగు చేపిచ్చేదానికి ఎంతయితాది?" అన్నాడు. కనుక్కోమన్నా. నిన్న వెళ్ళి అడిగొచ్చాడట. మోటరు వైండింగుకి పోయిందట, ఎప్పుడొస్తుందో అక్కడ ఎవరికీ తెలీదట. మా అక్క కొడుకు మాత్రం రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాడు, మోటరు వచ్చిందా మామా అని.